ఆరకూడని దీపం

"ఆ నాలుగు నట్లు బిగించింది నువ్వేనా, కాదా? ఒక్క మాట చెప్పు నయీమ్."

నయీమ్ గ్రీజు గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి. నంద్యాలలో పేరున్న మెకానిక్. అయితే పదకొండు రోజులుగా అతని షెడ్డు గడప తొక్కిన బండి లేదు.

ఎదురుగా ఇనప స్టూలు మీద కూర్చున్న ముబశ్శిరా గోడ గడియారం చూసింది. తొమ్మిదీ నలభై. తొందర లేనట్టే కూర్చుంది. ఎనిమిదేళ్ళు ఒక ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున యాక్సిడెంట్ల వెనక నిజాలు తవ్వింది. మూడేళ్ళ క్రితం అది వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఎదుటి మనిషి మాట్లాడేదాకా నోరు మెదపకుండా ఉండటం ఆమెకు బాగా తెలుసు.

"నేనే, ముబశ్శిరా ఆపా," అన్నాడు నయీమ్ చివరికి. "బిగించింది నేనే. ఆ పెట్టె పీకింది నేనే. పోలీసోళ్ళకూ ఇదే చెప్పినా. దాచింది ఏం ల్యా."

"ఏం పెట్టె?"

"ట్రాక్షన్ కంట్రోల్ పెట్టె. తడి రోడ్డు మీద చక్రం జారకుండా బ్రేకును తనే పట్టి వదుల్తాంటాది. సురేశన్న బండిలో అది చచ్చిపోయింది. ఊరికే బ్రేకులు పట్టేస్తాండె. పాత మోడలు, కొత్త పెట్టె దొరకల్యా. 'పీకెయ్ నయీమ్' అన్నాడు. పీకి, బ్రేకు పైపులు నేరుగా కలిపినా. రెండు నెల్లాయె."

సురేశ్ ఆచారి ఆళ్ళగడ్డ శిల్పి. ముప్పై ఎనిమిదేళ్ళవాడు. పదకొండు రోజుల క్రితం, గురువారం సాయంత్రం అయిదూ నలభైకి, వానలో, శిరివెళ్ల - ఆళ్ళగడ్డ మధ్య కాలువ మలుపులో అతని బండి వంతెన గోడను గుద్దుకుంది. మనిషి అక్కడికక్కడే పోయాడు. తడి రోడ్డు, అతి వేగం అని రాసి పోలీసులు కాగితాలు మూశారు. మూడో రోజున అతని భార్య వరలక్ష్మి ముబశ్శిరాకు ఫోన్ చేసింది. "మా ఆయన సావుకు కారణం ఎవరో మీరు తేల్చాల మేడమ్," అని ఒకే మాట అడిగింది.

"మరి లైటు?" అంది ముబశ్శిరా.

నయీమ్ చేతిలో గుడ్డ ఆగింది.

"ఈడికి రా ఆపా. చూపిస్తా."

మూలన ఎవరో వదిలిపోయిన అలాంటి బండే ఒకటి ఉంది. తలుపు తీసి తాళం తిప్పాడు. ఇంజన్ మాత్రం ఆన్ చేయలేదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రవీ పసుపువీ లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి.

"ఒకటి, రెండు, మూడు," లెక్కపెట్టాడు. చక్రం జారే గుర్తు ఉన్న పసుపు లైటు ఆరిపోయింది. "చూసినావా? పెట్టె బాగుంటే మూడు సెకన్లకు తనే ఆరుతాది. పెట్టె లేని బండిలో ఆరదు. ఇంజన్ ఆన్ చేసినా ఆరదు. పొద్దంతా తోలినా ఆరదు. ఆరకూడదు కూడా. సురేశన్నకు చెప్పినా, వరలక్ష్మి అక్కకూ చెప్పినా. 'ఆ లైటు కనపడినన్ని రోజులు వానలో బండి తీయొద్దు' అని. అక్క భయపడింది. ఆ పొద్దు నుంచి స్టీరింగే ముట్టుకోల్యా."

"తర్వాత ఆ బండిని మళ్ళీ చూశావా?"

నయీమ్ గొంతు తగ్గించాడు. షెడ్డులో వినేవాళ్ళు ఎవరూ లేరు. అయినా తగ్గించాడు.

"చూసినా. సురేశన్న పోయే ముందు సోమవారం. పాణ్యం కాడ పెట్రోలు బంకులో. ఇంజన్ నడుస్తాంది. నేను కిటికీలోంచి తొంగి చూసినా. పసుపు లైటు ల్యా. 'ఎవరు బాగు చేసిన్రన్నా?' అంటే నవ్వినాడు. 'అదే బాగైంది లే' అన్నాడు. లేని పెట్టె ఎట్ల బాగైతాది ఆపా? పీకిన పెట్టె ఆ బీరువాలోనే ఉండాది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టల్యా."

ముబశ్శిరా ఆరిన ఆ పసుపు లైటు వైపే చూసింది. ఆమె తండ్రి ఖాదర్ బాషా జీవితమంతా బండ్ల కరెంటు పని చేసినవాడు. తీగలు తెలియని పిల్ల కాదు ఆమె. లైటు ఆరిందంటే ఎవరో ఆర్పారు.

"నట్ల మీద గుర్తు పెడతావా?"

"ప్రతిదాని మీదా. పసుపు పెయింటు గీత. నట్టు మీద సగం, పైపు మీద సగం. నా తర్వాత ఎవరు తిప్పినా గీత విరుగుతాది."

ఆమె బయల్దేరబోతుండగా ఫోన్ మోగింది. వరలక్ష్మి.

"మేడమ్, ఇన్సూరెన్స్ ఫ్రాన్సిస్ సారు వచ్చినాడు. రెండు గంటలకు క్రేను వస్తాదంట. బండిని తీస్కపోతాడంట. మీరు బేగా రాండి."

*

ఆళ్ళగడ్డలో సురేశ్ శిల్పశాల చేరేసరికి పదకొండూ ముప్పై అయిదు. గేటు దాటగానే ఉలుల చప్పుడు చెవులను కమ్మేసింది. ఆవరణంతా రాతి పొడి. దాని మీద వరసగా నిలబెట్టిన నల్లరాతి విగ్రహాలు. చేతులున్నాయి, నగలున్నాయి, పెదవుల మీద నవ్వులున్నాయి. కళ్ళు మాత్రం లేవు. కళ్ళ చోట నున్నటి రాయి.

"కండ్లు ఆఖర్న తెరుస్తామమ్మా," అన్నాడు రామయ్య ఆచారి. అరవై ఏళ్ళు దాటిన పెద్ద శిల్పి ఆయన. సురేశ్‌కు పని నేర్పినవాడు. "అవి చూడకుండా ఉండేదే మేలయింది ఈ నడుమ."

"ఏం చూడకుండా?"

రామయ్య ఉలితో షెడ్డు చివరకు చూపించాడు. రేకుల కింద నీడలో తెల్లటి బండి. బోనెట్ ముడుచుకుపోయి నోరు తెరుచుకుని ఉంది. ముందద్దం వెయ్యి ముక్కలుగా పగిలినా రాలిపోలేదు. పాలపొరలా తెల్లబడి లోపల ఏమున్నదీ కనపడనివ్వడం లేదు. పక్క అద్దాల మీద రాతి పొడి దట్టంగా పేరుకుంది.

"పోలీసోళ్ళు తెచ్చి ఈడ పెట్టి పోయినారు. నాలుగో దినం నుంచి మొదలాయె. ఒంటి గంటకు ఉలులు ఆపి మేమంతా అన్నానికి పోతాం గదా. అప్పుడు ఆ బండిలో దీపం వెలుగుతాది. ఎర్రగా, పసుపుగా. అద్దం వెనక. బండిలో మనిషి కనపడడు. చచ్చిన బండిలో దీపమేందమ్మా? ఆరుగురు పనోళ్ళలో ముగ్గురు మానుకున్నారు."

"దగ్గరికి పోయి చూశారా?"

"ఎవరు పోతారమ్మా?" అన్నాడు రామయ్య. ఆ మాటలో సిగ్గు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడంతే.

"నువ్వింకా మారలేదా ముబశ్శిరా?"

వెనక నుంచి వచ్చిన గొంతు ఆమెకు కొత్తది కాదు. ఫ్రాన్సిస్. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చేతిలో ఫైలు. కంపెనీలో ఎనిమిదేళ్ళు ఆమె పై అధికారి. ఆమె రాసిన రిపోర్టుల కింద తన సంతకం పెట్టుకుని పైకి ఎక్కినవాడు. ఆమె ఉద్యోగం వదిలిన కారణం కూడా అతనే.

"మీరూ మారలేదు సార్. మనిషి పోయి పదకొండు రోజులే. బండిని ముక్కలు చేయించడానికి ఇంత తొందరేమిటి?"

"తేలిన కేసు ఇది." ఫైలు తెరిచి ఒక ఫోటో ఆమె ముఖం ముందు పెట్టాడు. "గురువారం ఆరూ ఇరవైకి పోలీసులు తీసింది. చూడు. తాళం ఆన్‌లో ఉంది. పసుపు లైటు వెలుగుతోంది. ట్రాక్షన్ పార్టులు పీకించుకున్నది ఆ సురేశే. లైటు హెచ్చరిస్తున్నా వానలో వేగంగా తోలిందీ ఆయనే. తప్పెవరిది? ఆయనదే."

"ఇంజన్ ఆగిపోయాక తీసిన ఫోటో ఇది. ఇంజన్ నడిచేటప్పుడు ఆ లైటు వెలిగిందని ఎవరు చెప్పారు?"

ఫ్రాన్సిస్ కనురెప్ప ఒకసారి ఆడింది. "వెలగక ఏమవుతుంది?"

ఆమె బండి దగ్గరికి నడిచింది. ముడుచుకున్న బోనెట్ కింద తల దూర్చి టార్చి వేసింది. పెట్టె ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీలో నాలుగు పైపులు, నాలుగు నట్లు. మొదటిదాని మీద పసుపు గీత తిన్నగా ఉంది. రెండోదాని మీదా, మూడోదాని మీదా అంతే.

నాలుగోదాని మీద గీత విరిగి ఉంది. నట్టు మీది సగం పావు చుట్టు పక్కకు జరిగింది.

"ఈ నట్టును ఎవరో వదులు చేశారు సార్. నయీమ్ తర్వాత. బ్రేకు ఆయిల్ చుక్క చుక్కగా కారిపోయేలా."

"గోడను గుద్దుకుంటే పైపులు వంకర పోవా? నట్లు తిరగవా?"

"పైపు వంకర పోలేదు. చుట్టూ దుమ్ము, ఈ ఒక్క నట్టు అంచు మాత్రం మెరుస్తోంది. స్పానర్ పట్టిన మెరుపు. ఇంకొకటి. మీ రిపోర్టులో సురేశ్ ఇంటి నుంచి నంద్యాలకు బయల్దేరాడని రాశారు. ఈ రెండో ఫోటో చూడండి. బండి ముక్కు ఆళ్ళగడ్డ వైపు ఉంది."

"జారి వెనక్కి తిరిగింది."

"బ్రేకు పడితేనే గదా జారి తిరిగేది? రోడ్డు మీద బ్రేకు గీత ఒక్కటి కూడా లేదని మీరే రాశారు. బ్రేకు పడని బండి తిరగదు సార్. తిన్నగా పోయి గుద్దుకుంటుంది. అంటే అతను ఆళ్ళగడ్డకు తిరిగొస్తున్నాడు. ఎక్కణ్ణుంచి?"

ఫ్రాన్సిస్ ఫైలు మూశాడు. నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. "రెండింటికి క్రేను వస్తుంది. అప్పటిదాకా నీ ఆట ఆడుకో. నేను భోంచేసి వస్తా." చొక్కా మీద పడ్డ రాతి పొడి దులుపుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయాడు.

*

సరిగ్గా ఒంటి గంటకు ఉలులు ఆగాయి.

ఒక్కొక్కటిగా కాదు, అన్నీ ఒక్కసారే. అప్పటిదాకా చప్పుడుకు అలవాటు పడ్డ చెవుల్లో ఆ నిశ్శబ్దం హోరుమంది. రామయ్య, మిగిలిన ముగ్గురు పనివాళ్ళు అన్నం క్యారియర్లు పట్టుకుని గేటు పక్క గదిలోకి పోయారు. ఒక్కరూ వెనక్కి చూడలేదు. బయట ఎండ తెల్లగా కాస్తోంది. షెడ్డులో మాత్రం సాయంత్రమైనట్టు ఉంది.

ముబశ్శిరా ఒక విగ్రహం వెనక నిలబడింది. ఆమె భుజానికి ఆనుకుని చల్లటి రాతి చెయ్యి. ఎదురుగా బండి.

ఒంటిగంటా నాలుగు. ఏమీ లేదు.

ఒంటిగంటా అయిదు. ఎక్కడో చిన్నగా, టిక్ మన్న చప్పుడు.

తెల్లబడ్డ అద్దం వెనక వెలుగు పుట్టింది. ముందు ఎరుపు. దాని పక్కన పసుపు. పగుళ్ళన్నిట్లోకీ పాకి, అద్దమంతా నెత్తుటి గీతలు గీసినట్టు నిలిచింది. ఎదుట వరసగా ఉన్న కళ్ళు లేని ముఖాల మీద ఆ వెలుగు సన్నగా పడింది. ముబశ్శిరా మనసులోనే లెక్కపెట్టింది. మూడు సెకన్లు. పది. ముప్పై. దీపం ఆరలేదు.

ఆమెకు దెయ్యాల మీద నమ్మకం లేదు.  చెప్పులు విడిచి, రాతి పొడిలో అడుగు చప్పుడు కాకుండా నడిచి, డ్రైవరు వైపు తలుపు ఒక్క ఊపున తెరిచింది.

స్టీరింగు ముందు వరలక్ష్మి కూర్చుని ఉంది.

ఆమె అరవలేదు, ఉలిక్కిపడలేదు. దీపాల వెలుగులో ముఖం ఎర్రగా, రాతి ముఖంలాగే కదలకుండా ఉంది. తాళం మీద వేళ్ళు బిగిసి ఉన్నాయి.

"తలుపు ముయ్యండి మేడమ్," అంది మెల్లగా. "పనోళ్ళు చూస్తారు."

ముబశ్శిరా చుట్టూ తిరిగి పక్క సీట్లోకి వచ్చి కూర్చుంది. "రోజూ నువ్వేనా?"

"నేనే. వెనక సందులోంచి వస్తా. ఇంకో తాళం నా కాడే ఉండాది."

"ఎందుకమ్మా?"

"ఆ పొద్దు ఇంజన్ ఆన్ చేస్తానే ఈ దీపం ఆరిపోయింది. ఇప్పుడు ఆరదు. ఎంతసేపు కూర్చున్నా ఆరదు. ఎందుకు ఆరిందో తెలిస్తే..." మాట సగంలో ఆగిపోయింది.

"ఇంజన్ ఆన్ చేస్తే ఆరడం నువ్వు చూశావా? గురువారం నువ్వు ఇంట్లోనే ఉన్నానన్నావే పోలీసులకు?"

వరలక్ష్మి తల తిప్పుకుంది. ముబశ్శిరా ఆ ప్రశ్నను అక్కడే వదిలేసింది. ముందు తీగ సంగతి తేలాలి.

"నువ్వు లైట్ల వైపు చూస్తుండు. ఏది ఆరితే అది చెప్పు." దిగి బండి ముందుకు వెళ్ళి, ఇంజను పక్క నుంచి పోయే ఒక సన్నటి తీగను వెతికి పట్టుకుంది. ఇంజన్ ఆయిల్ లైటుకు పోయే తీగ. దాన్ని పీకితే ఆయిల్ గుర్తు ఎర్ర లైటు ఒక్కటే ఆరాలి. మిగతావాటికి దానితో సంబంధం ఉండకూడదు.

పీకింది.

"మేడమ్!" వరలక్ష్మి లోపల్నుంచి పిలిచింది. "మూడు ఆరిపోయినాయి! ఆయిల్‌ది, బ్రేకుది, పసుపుది. మూడూ!"

ముబశ్శిరా ఆ తీగను వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సెకండ్ హ్యాండ్ బండ్లు అంటగట్టేవాళ్ళ పాత మోసం ఇది. ఆయిల్ లైటు తాళం తిప్పగానే వెలిగి, ఇంజన్ ఆన్ చేయగానే ఆరిపోతుంది. మిగతా లైట్లను దానికి ముడేస్తే అవీ దానితోపాటే వెలుగుతాయి, దానితోపాటే ఆరతాయి. తోలేవాళ్ళు అంతా బాగుందనుకుంటారు. బ్రేకు ఆయిల్ కారిపోతున్నా బ్రేకు లైటు నోరు తెరవదు. తండ్రి ఇలాంటి ముళ్ళు విప్పడం చిన్నప్పుడు ఎన్నోసార్లు చూసింది.

తిరిగి లోపలికి వచ్చి, సీటు కింద వెల్లకిలా పడుకుని, డ్యాష్‌బోర్డు అడుగున టార్చి వేసింది. తీగల గుత్తి లోపల మూడు తీగలను కలిపిన ముడి దొరికింది. దాని మీద టేపు లేదు. ఏదో నల్లటి ముద్ద పూసి, వేలితో నున్నగా దిద్దారు. ఎండి రాయిలా గట్టిపడింది. ఫోటోలు తీసుకుంది. ముడికి అటూ ఇటూ కత్తిరించి ముక్కను బయటకు తీసి వరలక్ష్మి అరచేతిలో పెట్టింది.

"ఇదేమిటో తెలుసా?"

వరలక్ష్మి దాన్ని బొటనవేలితో తడిమింది. చూడాల్సిన పని కూడా లేకపోయింది.

"ముక్కుల మందు," అంది. "విగ్రహానికి ముక్కో వేలో విరిగితే అతికేది. నల్లరాతి పొడిలో బంక కలిపి చేస్తారు. ఈ శాలలో..." ఆగింది.  "ఈ శాలలో మా ఆయన తప్ప ఎవరూ కలపరు. ఎంత కలపాలో ఎవరికీ చెప్పేటోడు కాదు. రామయ్య మామకు కూడా."

బయట ఎక్కడో కాకి అరిచింది. 

లైటు ఆర్పింది సురేశే. అతనికి లైటు అబద్ధం చెబుతోందని తెలుసు. మరి ఎవరిని నమ్మించడానికి ఆర్పాడు? ఆ బండి తోలేవాళ్ళు ఇద్దరే. ఒకరు సురేశ్. ఇంకొకరు, పసుపు లైటు వెలిగినన్నాళ్ళూ స్టీరింగు ముట్టనని కూర్చున్న మనిషి.

"గురువారం ఏం జరిగింది అమ్మా?"

వరలక్ష్మి స్టీరింగు వైపే చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఏడ్వలేదు. ఇంకెవరిదో కథ చెబుతున్నట్టు చెప్పింది.

"ఈ స్థలం మా నాయన నాకిచ్చింది. మా ఆయన అమ్ముదామన్నాడు, నేను వద్దన్నా. నాలుగు నెలలు మా నడుమ మాటల్లేవు. ఆ వారం మాత్రం బాగా మాట్లాడినాడు. 'లైటు బాగైంది లక్ష్మీ, చూడు, నువ్వు తోలుకోవచ్చు' అని చూపించినాడు. గురువారం నాలుగూ పదికి నేనే నంద్యాలకు బయల్దేరినా. మా పెద్దమ్మను చూసి రమ్మని ఆయనే పంపినాడు. శిరివెళ్ల కాడికి పోతానే బ్రేకు కిందికి దిగిపోయింది. కాలు పెడితే మెత్తగా, బురదలో పెట్టినట్ల. హ్యాండ్ బ్రేకు లాగి ఎట్లనో ఆపినా. ఆయనకు ఫోన్ చేసినా. అయిదుంబావుకు బస్సు దిగినాడు. వాన పడతాండె. బోనెట్ ఎత్తి చూసి, మూసేసినాడు. 'ఏం ల్యా, పైపులో గాలి పట్టింది. నేను నిదానంగా తోలుకొస్తా. నువ్వు బస్సులో రా' అన్నాడు."

"నిన్ను బస్సులో రమ్మన్నాడా?"

"అన్నాడు. అప్పుడే తెలిసింది మేడమ్ నాకు. బండి మంచిదైతే నన్నెందుకు బస్సులో రమ్మంటాడు? మొగం జూసినా. జూడలేకపోయినాడు. ఒక్క మాట అడిగింటే చెప్పేటోడు. 'పోవద్దు' అంటే ఆగేటోడు. నేను ఏమీ అనల్యా. తాళం చేతికిచ్చినా." ఆమె తన అరచెయ్యి తెరిచి చూసుకుంది. "ఈ చేత్తోనే ఇచ్చినా."

ముబశ్శిరా ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసింది. 

"మరి నన్నెందుకు పిలిచావు?"

"మెకానిక్కుదే తప్పని మీరు చెప్తారనుకున్నా. మా ఆయన నన్ను చంపాలనుకోల్యా అని ఎవరన్నా ఒకరు చెప్తే చాలనుకున్నా." ఆమె తాళం తీసి పిడికిట్లో పట్టుకుంది. "ఇంకోటి కూడా ఉండాది. బస్సు కోసం నిలబడుకోనుంటే అయిదూ ముప్పై ఎనిమిదికి ఫోన్ చేసినాడు. తోలుతానే మాట్లాడినాడు. 'లక్ష్మీ, ఇది నా ఒక్కని పని కాదు. నువ్వు ఇంటికి పోవద్దు. ఆయప్ప నిన్ను' అన్నాడు. అంతే. పెద్ద చప్పుడు. మళ్ళీ ఏం వినపడల్యా."

"'ఆయప్ప' అంటే, ఏ మనిషి?"

"తెలీదు. ఈ శాలలోనోడో, బయటోడో. అందుకే ఈడ ఎవరికీ ఏమీ చెప్పల్యా."

ముబశ్శిరా ముడి ముక్కను చేతిరుమాలులో చుట్టి సంచి అడుగున పెట్టుకుంది. గడియారం ఒకటీ నలభై అయిదు చూపిస్తోంది. "నువ్వు దిగొద్దు. నేను బయట ఓడిపోయినట్టు మాట్లాడి బండి దగ్గర్నుంచి అందరినీ పంపిస్తా. తర్వాత ఇద్దరం నంద్యాల పోదాం. ఈ రోజు నుంచి నువ్వు మా ఇంట్లో ఉంటావు."

తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఫ్రాన్సిస్ షెడ్డు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. గేటు పక్క గది తలుపులకు బయట గొళ్ళెం పెట్టి ఉంది. అన్నం తినేవాళ్ళ మాటలు వినిపించడం లేదు.

"రామయ్య వాళ్ళు ఏరీ?"

"ఇళ్ళకు పంపించా. క్రేను పని జరిగేటప్పుడు మనుషులు అడ్డం ఎందుకు?" పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ అన్నాడు. "ఏమైనా దొరికిందా?"

ముబశ్శిరా నిట్టూర్చింది. "లేదు సార్. మీరన్నదే నిజం. నట్టు గుద్దుకున్నప్పుడే తిరిగినట్టుంది. బండి తీసుకుపోండి."

"ఒప్పుకున్నావు. మంచిది." రెండడుగులు ముందుకు వేశాడు. గొంతులో కోపం లేదు. పాత ఆఫీసులో ఆమె రిపోర్టులు అడిగి తీసుకునేటప్పటి గొంతే. "అయితే ఆ సంచిలోది ఇచ్చిపో."

"సంచిలో ఏముంది సార్? టార్చి, పాత గుడ్డలు."

"తీగ ముక్క. దాని మీద నల్ల మందు పూసి ఉంటుంది. దాంతో నీకేం పని? ఇటివ్వు."

ముబశ్శిరా సంచి పట్టీని గట్టిగా పట్టుకుంది. ఆ తీగ సంగతి ఆమె ఈ భూమి మీద ఒకే ఒక్క మనిషికి చెప్పింది. చూపించిందీ ఆ మనిషికే. ఆ మనిషి ఇంకా బండిలోనే ఉంది. తెల్లబడ్డ అద్దాల వెనక ఆమె ఉన్నట్టు ఫ్రాన్సిస్‌కు తెలియదు. అంటే ఆ ముడి సంగతి అతనికి ముందే తెలుసు; సురేశ్ ఫోన్‌లో అన్న 'ఆయప్ప' ఇతనే.

వెనక బండి తలుపు కిర్రుమంది.

వరలక్ష్మి దిగింది. రాతి పొడి మీద ఒట్టి కాళ్ళతో నాలుగడుగులు నడిచి వచ్చి ముబశ్శిరా పక్కన నిలబడింది. ఆమె కళ్ళు ఫ్రాన్సిస్ ముఖం మీదే ఉన్నాయి.

"ఫ్రాన్సిస్ సారూ," అంది. "ఆ మందు సంగతి నీకెట్ల తెలుసు?"

అతని నోట్లోని పుల్ల కింద పడింది. ఒక్క క్షణం ఆమెను చూశాడు. బతికి ఉండకూడని మనిషిని చూసినట్టు చూశాడు.  మెల్లగా వెనక్కి తిరిగి, గేటు దాకా నడిచి వెళ్ళి, లోపలి నుంచి గడియ వేశాడు.